మళ్ళీ చెప్పు

ఆ ఇంట్లో చప్పుడు చెయ్యని చదువుని చదువు కింద జమకట్టరు. ఇల్లంటే రెండు గదులు. ముందు గదిలో కిటికీ దగ్గర అమ్మ కుట్టుమిషను. స్కూలు యూనిఫారాలు, లాడ్జీలకి దిండు గలేబులు కుడుతుంది. వెలుతురు బట్ట మీద పడాలి కాబట్టి ఆవిడ మొహం కిటికీ వైపు, వీపు గది వైపు. కూతురు పుస్తకం పట్టుకుని ఆ వీపు వెనకాల ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ గొంతెత్తి చదవాలి. గొంతు వినపడితే పిల్ల చదువుతున్నట్టు, వినపడకపోతే దిక్కులు చూస్తున్నట్టు. ఈ రెండూ కాక మూడో సంగతి ఒకటి ఉండొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

వెనక గదిలో నాన్న పడుకుని ఉంటాడు. బస్సు డిపోలో టైర్ల సెక్షన్, ఎప్పుడూ నైట్ డ్యూటీయే. పగలంతా మిషను మోత, పిల్ల మోత చెవిలో పడుతుంటే హాయిగా గురకపెడతాడు. రెంటిలో ఏ ఒక్కటి ఆగినా లేచి కూర్చుని "ఏమైంది?" అంటాడు.

వీధిలో వాళ్ళు ఆ పిల్లకి మైకు అని పేరు పెట్టారు. పక్కింట్లో ఉండే రిటైరైన పోస్ట్‌మాన్, "ఆ మైకు పుణ్యమా అని ఈ వయసులో నాకు మూలకాల పట్టిక నోటికొచ్చిందండీ" అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాడు. అది సంతోషమో ఫిర్యాదో ఎవరికీ తేలలేదు.

అయితే ఆ చదువులో అసలు కీలకం గొంతు కాదు. మైకు తన ధోరణిలో తాను పుస్తకాన్ని దంచుకుంటూ పోతుంటే, ఉన్నట్టుండి అమ్మ వెనక్కి తిరక్కుండానే "మళ్ళీ చెప్పు" అనేది. అంతే, మైకు టక్కున ఆగేది. దొరికిపోయాను అనుకునేది. పేజీలో కాస్త వెనక్కి వెళ్ళి, ఈసారి నెమ్మదిగా, మాట మాటా చూసుకుంటూ చదివేది. చదివితే అక్కడ ఏదో ఒకటి ఉండనే ఉండేది. ఒక మాట మింగేసి ఉండేది, లేదా అర్థం కాని ముక్క మీంచి అర్థమైనట్టు జారిపోయి ఉండేది. అక్కడ ఆగి, జుట్టు పీక్కుని, తేల్చుకుని ముందుకు కదిలేది. పరీక్షలో సరిగ్గా అలాంటి ముక్కలే అడిగేవాళ్ళు. హైస్కూలు నుంచి ఇంజనీరింగ్ రెండో ఏడు దాకా క్లాసులో మొదటి స్థానం ఆమెదే. స్నేహితురాళ్ళు రహస్యం ఏమిటని అడిగితే, "మా అమ్మ చదివింది ఐదో క్లాసే. కానీ ఆవిడ చెవిని మాత్రం ఎవరూ మోసం చెయ్యలేరు" అనేది. అందులో అతిశయం ఏమీ లేదు. నిజంగానే అలా నమ్మింది.

మూడో ఏడు చదువు ఇంకో దేశంలో చదివి రావచ్చని యూనివర్సిటీలో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని చూసుకునే ఆఫీసరు ఎంపికైన పిల్లల్ని కూర్చోబెట్టి, విదేశంలో చదివొచ్చిన విద్యార్థుల మార్కులు సగటున పెరుగుతాయని గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. షరతు ఒక్కటే. ఏడాది మొత్తం మీద అరవై శాతం రావాలి. రాకపోతే ఆ ఏడాది లేనట్టే, వచ్చి మూడో ఏడు మొదటి నుంచీ చదవాలి. అందరూ నవ్వారు. ఎప్పుడూ తొంభైకి తగ్గనివాళ్ళకి అరవై అంటే నవ్వు రాక ఏమొస్తుంది? మైకు కూడా నవ్వింది.

విదేశంలో దిగాక హాస్టల్లో ఆమెకో గది ఇచ్చారు. మంచం, బల్ల, కుర్చీ, కిటికీ, గోడకి ఒక హీటరు. గోడ మందం అట్టముక్క కంటే కాస్త ఎక్కువ. మొదటి సాయంత్రం మైకు పుస్తకం తెరిచి, తలుపు నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకి తిరుగుతూ మొదలుపెట్టింది. రెండు పేజీలు కాకముందే ఎవరో తలుపు తట్టారు. పక్క గదిలో ఉండే ఫార్మసీ అమ్మాయి.

"ఎవరితోనైనా గొడవ జరుగుతోందా? సాయం కావాలా?" అంది ఆ అమ్మాయి నిజంగానే కంగారుపడుతూ.

"లేదండీ. కాంక్రీటు గురించి చదువుకుంటున్నాను."

ఫార్మసీ అమ్మాయి గదిలోకి తొంగి చూసి, ఇంకెవరూ లేరని నిర్ధారించుకుని, "మనసులో చదువుకోవడం కుదరదా?" అంది. అంత మర్యాదగా అడిగితే ఎవరైనా ఏం చెప్తారు? కుదురుతుందని చెప్పింది.

కుదరలేదు. లైబ్రరీకి వెళ్ళి పెదవులు మాత్రం కదుపుతూ కూర్చుంటే ఎదుటి బల్లవాళ్ళు లేచి ఇంకో బల్లకి వెళ్ళారు. పెదవులు కూడా మూసుకుని చదివితే, ఆగని ఎక్స్‌ప్రెస్ బస్సు స్టాపులు దాటినట్టు కళ్ళు వాక్యాల్ని దాటుకుంటూ పోయేవి. పేజీ చివరికి వచ్చాక చూసుకుంటే లోపలికి ఒక్కరూ ఎక్కి ఉండరు. అన్నిటికంటే పెద్ద లోటు ఇంకోటుంది. గంటలకి గంటలు కూర్చున్నా "మళ్ళీ చెప్పు" అని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఎవరూ అనడం లేదంటే అంతా సరిగానే ఉందనుకుంది పాపం.

ఆ దేశంలో పరీక్ష రాయరు, చెప్పాలి. ఈ సంగతి విన్నప్పుడు మైకుకి ప్రాణం లేచొచ్చింది. చెప్పడమే కదా కావలసింది! పాఠం మొత్తం బట్టీ పట్టి, ఇస్త్రీ బట్టలు వేసుకుని పరీక్ష గదికి వెళ్ళింది. నిర్మాణాల పాఠం చెప్పే మేడం ఎత్తైన మనిషి, కూర్చున్నా నిలబడ్డట్టే ఉంటుంది. బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. ఏదో ఇంటి బాల్కనీ.

"ఇది పగిలితే పగులు ముందు ఎక్కడ మొదలవుతుంది?"

మైకు గొంతు సవరించుకుని అందుకుంది. ఒక చివర గోడలో బిగించి, రెండో చివర ఆధారం లేకుండా వదిలేసిన దూలానికి నిర్వచనం చెప్పింది. ఉపయోగాలు చెప్పింది. రకాల దగ్గరికి వచ్చేసరికి మేడం చెయ్యెత్తింది.

"ఆ పుస్తకం నేనూ చదివానమ్మా. రాసింది నేనే. పగులు ఎక్కడ?"

మైకు ఫోటోని ఎగాదిగా చూసింది. "కింద" అంది. ఎందుకు కిందో ఆమెకే తెలియదు. పైన అనడం కంటే కింద అనడం క్షేమంగా అనిపించింది.

మేడం ఫోటో తీసి ఫైల్లో పెట్టుకుని "థాంక్యూ" అంది. ఆ దేశంలో థాంక్యూ అంటే ఇక వెళ్ళొచ్చని.

బాల్కనీ తన బరువుకి చివర్న కిందికి వంగుతుంది, వంగితే గోడ దగ్గర పైభాగం సాగుతుంది, సాగితే కాంక్రీటు తట్టుకోలేదు, కాబట్టి పగులు పైనే మొదలవుతుంది, అందుకే ఇనప చువ్వలు పైన వేస్తారు. ఇదంతా మైకుకి పరీక్ష గది బయట మెట్లు దిగుతుండగా తెలిసింది. మిగతా పరీక్షలూ ఇంచుమించు మెట్ల మీదే అర్థమయ్యాయి.

ఆ సెమిస్టరులో నలభై తొమ్మిది శాతం వచ్చింది. నలభై తొమ్మిది అన్న అంకెని ఆమె అంతకుముందు బస్సు నంబరుగా తప్ప చూడలేదు. లెక్కకట్టుకుంటే రెండో సెమిస్టరులో డెబ్బై ఒకటి వస్తే తప్ప ఏడాది దక్కదు. మంచం మీద కూర్చుని గోడకేసి చూసింది. సిగ్గేసింది, భయమేసింది, ఇల్లు గుర్తొచ్చింది. ఈ మూడిట్లో ఏది ఏదో విడదీసుకోలేకపోయింది.

ఆ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ అడిగింది.

"మార్కులొచ్చాయిటే?"

"వచ్చాయమ్మా. బాగానే వచ్చాయి."

"మీ బాబాయి అడుగుతున్నాడు, మొదటి స్థానమేనా అని."

"ఇక్కడ స్థానాలు చెప్పరమ్మా."

అది మాత్రం నిజం.

గొంతెత్తి చదువుకునే చోటు ఆమెకి హాస్టల్ నేలమాళిగలో దొరికింది. బట్టలుతికే గది. వరసగా వాషింగ్ మిషన్లు, ఎదురుగా ఆరబెట్టే మిషన్లు, మధ్యలో ఒక బెంచీ. ఏ వేళప్పుడు వెళ్ళినా కనీసం రెండు మిషన్లు తిరుగుతూ ఉంటాయి. ఆ మోతలో నువ్వు పాఠం చదువు, పాట పాడు, ఎవరికీ పట్టదు. బట్టలు లేకుండా కూర్చుంటే బాగుండదని వెళ్ళినప్పుడల్లా ఒక దిండు గలేబు తీసుకెళ్ళి మిషన్లో పడేసేది. ఇంటి దగ్గర అమ్మ కుట్టిచ్చిన గలేబు. శుభ్రంగా ఉన్నదాన్నే రోజూ ఉతికేది.

ఆ గదిలో కూర్చుని అమ్మకి ఫోన్ చేసి, "నేను చదువుకుంటా, నువ్వు విను" అని ఫోన్ బెంచీ మీద పెట్టేది. అటు అమ్మ ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టుకుని కుట్టుకునేది. ఇక్కడ ఒక మిషను, అక్కడ ఒక మిషను, మధ్యలో కాంక్రీటు. అప్పుడప్పుడు ఫోన్‌లోంచి "మళ్ళీ చెప్పు" అని వినపడేది. మైకు వెనక్కి వెళ్ళి చదివేది, తప్పు దొరికేది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

ఒకరోజు పుస్తకంలో బాల్కనీ బొమ్మ వచ్చింది. దాన్ని చూడగానే మేడం థాంక్యూ గుర్తొచ్చి చదవడం ఆగిపోయింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గాజు తలుపు లోపల గిరగిరా తిరుగుతున్న గలేబుని చూస్తూ ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. అలా చాలాసేపు ఒక్క మాటా మాట్లాడలేదు. అప్పుడు ఫోన్‌లోంచి అమ్మ గొంతు వచ్చింది.

"మళ్ళీ చెప్పు."

మైకు ఉలిక్కిపడింది. "ఏం చెప్పను?"

"అదే, ఇందాకటిది."

"అమ్మా, నేనేం చదవట్లేదు. ఇంతసేపూ ఊరికే కూర్చున్నా."

అవతల మిషను ఆగి ఉంది.

"అవునా? అక్కడి మోతలో తెలియలేదు. బాబిన్లో దారం అయిపోయిందే. మార్చుకుంటూ అన్నా."

"బాబిన్ మార్చుకుంటూ అంటావా?"

"ఎప్పుడూ అంతేగా. మిషను ఆగినప్పుడే కదా నీ మాటలు వినపడేది. కాసేపు విందామని మళ్ళీ చెప్పమంటా. నడుస్తున్నప్పుడు ఏం వినపడుతుంది నా మొహం! గొంతుందో లేదో తెలుస్తుంది, అంతే."

"మరి తప్పులో? నేను తప్పు చదివిన చోటే కదా ఆపేదానివి?"

"నీ తప్పులు నాకేం తెలుసే? అందులో ఒక్క ముక్కయినా నాకు అర్థమైతేగా."

మైకుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అంటే చిన్నప్పటి నుంచీ నా చదువంతా దారం అయిపోవడం మీద నడిచిందా?"

"మార్కులొచ్చాయిగా" అంది అమ్మ. మిషను మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మైకు ఇంటికి ఫోన్ చెయ్యలేదు. చిన్నపిల్లలా అలిగింది. నమ్ముకున్న గోడ లోపల డొల్ల అని తెలిస్తే ఎవరికైనా మండుతుంది, పైగా ఆవిడ దాన్ని అంత తేలిగ్గా చెప్పేసింది. తిట్టుకుంటూ తిట్టుకుంటూనే గలేబు ఉతికింది. తిట్టుకుంటూ ఉండగానే ఒక అనుమానం వచ్చింది. అమ్మకి తప్పులు తెలియవు సరే. కానీ వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ తప్పు దొరికింది కదా. మరి పట్టుకున్నదెవరు? ఆ గదిలో ఉన్నది ఇద్దరే. ఒకరు బాబిన్ మారుస్తున్నారు.

ఇంతలో పక్క వాషింగ్ మిషను పని ముగించి కీమని కూసింది. మైకు దానికేసి చూసింది. తర్వాత పుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పింది.

అప్పటి నుంచి అదే పద్ధతి. ఏ మిషను కూసినా, తనది కానీ పరాయిది కానీ, ఎక్కడున్నా ఆగేది, వెనక్కి వెళ్ళేది, పుస్తకం మూసి అదే ముక్కని సొంత మాటల్లో గాల్లోకి చెప్పేది. చెప్పలేకపోతే మళ్ళీ తెరిచేది. ఆదివారాలు హాస్టల్ మొత్తం బట్టలుతుక్కోడానికి దిగితే కూతలు ఎక్కువై పాఠం అడుగు ముందుకు పడేది కాదు. ఫార్మసీ అమ్మాయి ఒకరోజు బట్టల బుట్టతో వచ్చి, తిరుగుతున్న ఒంటరి గలేబుని, గోడతో మాట్లాడుతున్న మైకుని చూసి, ఏమీ అడక్కుండా తన బట్టలు వేసుకుని పోయింది. అలా అడగకపోవడం అలవాటైపోయింది ఆ అమ్మాయికి.

అలక తీరాక ఇంటికి ఫోన్ చెయ్యడం మళ్ళీ మొదలైంది. నలభై తొమ్మిది సంగతి మాత్రం చెప్పలేదు.

రెండో సెమిస్టరు పరీక్షలో అదే మేడం, అదే బల్ల. ఈసారి ఫోటోలో కొండవాలు పక్కన రోడ్డు, మట్టి జారకుండా కట్టిన కాంక్రీటు గోడ.

"చువ్వలు ఏ వైపు ఎక్కువ వెయ్యాలి? మట్టి వైపా, రోడ్డు వైపా?"

మైకు నోరు తెరిచింది. నిర్వచనం నాలిక చివరికి వచ్చేసింది. ఒక వాక్యం బయటికి కూడా పడింది. అక్కడ ఆగిపోయింది. గదిలో ఏ మిషనూ కూయలేదు.

"మళ్ళీ చెప్తానండీ" అంది.

మేడం కలం కింద పెట్టి చేతులు కట్టుకుంది.

"మట్టి గోడని రోడ్డు వైపు నెడుతుంది. కాబట్టి రోడ్డు వైపు... కాదండీ, ఉండండి. గోడ అడుగున బిగించి ఉంది, పైన ఏ ఆధారం లేదు. నెడితే రోడ్డు వైపు వంగుతుంది. వంగితే వెనక వైపు సాగుతుంది. సాగేది మట్టి వైపు. చువ్వలు మట్టి వైపు వెయ్యాలి." ఫోటోని పక్కకి తిప్పి చూసింది. "ఇది నిలబెట్టిన బాల్కనీ అండీ. పోయినసారి మీరడిగిందే."

మేడం ఫోటోని తనూ పక్కకి తిప్పి చూసింది. థాంక్యూ అనలేదు. ఇంకో ఫోటో తీసింది.

డెబ్బై మూడు వచ్చింది. ఏడాది మొత్తానికి అరవై ఒకటి. ఏడాది దక్కింది. దాంతోపాటే మొదటి స్థానం పోయి, సొంత యూనివర్సిటీ జాబితాలో మైకు పద్దెనిమిదో చోట తేలింది. జాబితా చూసిన బాబాయి, "పద్దెనిమిదో స్థానానికి అంత దూరం వెళ్ళాలా? ఇక్కడ దొరకదా?" అన్నాడు. అమ్మ మాత్రం తలెత్తకుండా కుట్టుకుంటూ పోయింది. ఆవిడకి అప్పుడు ఒక స్కూలు మొత్తానికి యూనిఫారాల ఆర్డరు ఉంది.

యూనివర్సిటీ ఆఫీసరు కొత్త బ్యాచ్ పిల్లల్ని కూర్చోబెట్టి మైకుని ముందుకి పిలిచాడు. "చెప్పమ్మా, ఒక్క ముక్కలో. విదేశీ చదువు వల్ల మార్కులు పెరుగుతాయా, తగ్గుతాయా?"

"ముందు తగ్గుతాయండీ. తర్వాత వచ్చేవి వేరే రకం మార్కులు."

"చూశారా, పెరుగుతాయి" అన్నాడు ఆఫీసరు పిల్లలకేసి తిరిగి.

నాలుగో ఏడు పుస్తకాలు వచ్చాక మైకు ముందు గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. ఇప్పుడు ఆమెకి తిరగక్కర్లేదు, గొంతెత్తక్కర్లేదు. పేజీ చదివి, పుస్తకం మూసి, మనసులో చెప్పుకుని, మళ్ళీ తెరుస్తోంది. మిషను ఆగింది. అమ్మ మెడ తిప్పి చూసి మళ్ళీ కుట్టుకోసాగింది. కాసేపటికి మళ్ళీ చూసింది. మూడోసారి చూసేసరికి చొక్కా జేబు వంకర పోయింది. కుట్టు విప్పుకుంటూ అడిగింది.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా. చదువుతున్నా."

"వినపడట్లేదే."

మైకు లేచి నిలబడింది. గోడ నుంచి గోడకి తిరుగుతూ గొంతెత్తి చదవడం మొదలుపెట్టింది. అమ్మ వీపు నిమ్మళించింది. వెనక గదిలో గురక అందుకుంది. బాబిన్లో దారం అయిపోయింది. అమ్మ మార్చుకుంటూ "మళ్ళీ చెప్పు" అంది, మైకు నవ్వుకుని మళ్ళీ చెప్పింది. కొత్త బాబిన్‌తో మిషను మోత ఊపందుకుంది.

పాఠం అయిపోయింది. అమ్మ వీపు ఇంకా వింటున్నట్టే ఉంది. మిషను నడుస్తుంటే మాటలు వినపడవు కదా, మైకుకి ఆగబుద్ధి కాలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, అదే రాగంలో, అదే వరసలో చదువుతూ పోయింది.

"మొదటి సెమిస్టరు. మొదటి సెమిస్టరులో విద్యార్థికి నలభై తొమ్మిది శాతం వచ్చింది. విద్యార్థి ఇంటికి ఫోన్ చేసి బాగానే వచ్చాయని చెప్పింది. కారణాలు. ఒకటి, భయం. రెండు, అమ్మ మిషను ఆపి కూర్చుంటుందేమోనన్న దిగులు. విద్యార్థి ప్రతిరోజూ బట్టలుతికే గదికి వెళ్ళేది. ఉతకడానికి బట్టలు ఉండేవి కావు. అక్కడ మోత ఎక్కువ కాబట్టి ఏడ్చినా ఎవరికీ వినపడదు. ఉపయోగాలు..."

మిషను ఆగింది.

కొత్త బాబిన్ వేసి పది నిమిషాలైనా కాలేదు. పైన దారం రీలు నిండుగా ఉంది. వెనక గదిలోంచి నాన్న "ఏమైంది?" అన్నాడు.

అమ్మ పెడలు మీంచి కాలు తీసి, స్టూలు కిటికీ వైపు నుంచి గది వైపుకి తిప్పుకుని కూర్చుంది. ఒళ్ళో చొక్కా అలాగే ఉంది.

"మళ్ళీ చెప్పు" అంది.